ఎదురింటి వాల్యూమ్

“తాతయ్యా, నా పాట నాకే వినపడట్లేదు” అని బ్లెస్సీ చరణం మధ్యలో ఆపేసింది.

ఎదుటి అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో బాంబు పేలింది. ఇటు మూడో అంతస్తులో సంజీవరావు గారింటి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. బాంబు వెనక గుర్రాలు, గుర్రాల వెనక డప్పులు. పటమటలోని ఆ సందు ఎంత ఇరుకంటే, ఇటు బాల్కనీలో నిలబడితే అటు హాల్లోని పెద్ద టీవీలో హీరో మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. టీవీ కింద నీలం లైటుతో హోమ్ థియేటర్ పెట్టె, గది నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు.

గుణదల మాత ఉత్సవాలు ఇంక పది రోజులే. ఈసారి గాయకబృందంలో బ్లెస్సీ ఒక్కతే ఒక చరణం పాడాలి. నేర్పేది లెక్కల మాస్టారుగా రిటైరైన తాతగారు. స్కూలు, ట్యూషను అయ్యాక ఆ పిల్లకు మిగిలేది ఆరు నుంచి ఏడు వరకే. నాలుగింటికి మొదలయ్యే యుద్ధం సరిగ్గా ఆరింటికే అక్కడ జోరందుకుంటుంది.

“మొన్ననే కదమ్మా ఎదురింటి లక్ష్మీకాంత్‌తో చెప్పాను! ‘సారీ మాస్టారూ, తగ్గిస్తాం’ అన్నాడు.”

“తగ్గించారుగా తాతయ్యా, ఒక్క రోజు.”

సంజీవరావు గారి చూపు టీపాయ్ మీదున్న కొత్త రిమోట్ మీద పడింది. ఇంట్లో టీవీ రిమోట్ పాడైపోతే ఆ పొద్దున్నే కొనుక్కొచ్చిన యూనివర్సల్ రిమోట్ అది. ‘ఏ కంపెనీ టీవీ అయినా, ఏ హోమ్ థియేటరైనా దీని మాట వినాల్సిందే’ అన్నాడు షాపతను.

“బ్లెస్సీ, దీన్ని సెట్ చెయ్యడం ఎలాగే?”

బ్లెస్సీ తాతగారి వంక చూసింది. ఆయన ఎటు చూస్తున్నారో చూసింది. దాని కళ్లు మెరిశాయి.

“సెట్ బటన్ నొక్కి పట్టుకుని పెట్టె వైపు చూపిస్తూ ఉండాలి. కోడ్లు ఒకదాని తర్వాత ఒకటి అదే పంపిస్తుంది. పెట్టె పలకగానే వదిలెయ్యాలి.”

ఇద్దరూ బాల్కనీలో ఆరేసిన దుప్పటి వెనక నక్కారు. రిమోట్ మూతి మాత్రం బయటికి పెట్టారు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. మాస్టారి బొటనవేలు తిమ్మిరెక్కింది. ఉన్నట్టుండి ఎదురింటి పెట్టె నాలుక చాపినట్టు సీడీ ట్రే బయటికి చాపింది.

“పలికింది తాతయ్యా! వదిలెయ్, వదిలెయ్!”

ఆయన సౌండ్ తగ్గించే బటన్ నొక్కారు. గుర్రాలు దూరంగా వెళ్లిపోయాయి. ఇంకాస్త నొక్కారు. డప్పులు దోమల రొదలోకి దిగిపోయాయి.

“ఇప్పుడు పాడమ్మా” అన్నారు, ఏమీ ఎరగనట్టు.

నాలుగు రోజులు దివ్యంగా గడిచాయి. అక్కడ పెరగడం, ఇక్కడ ఈయన తగ్గించడం. ఒకసారి విలన్ తొడగొట్టి సవాలు చేస్తుంటే సరిగ్గా ఆ క్షణంలో మ్యూట్ నొక్కి, మాస్టారు దుప్పటి చాటున కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు.

ఐదో రోజు సాయంత్రం బాల్కనీలోకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. కింద గేటు దగ్గర లక్ష్మీకాంత్ హోమ్ థియేటర్ పెట్టెను రెండు చేతులా మోసుకొచ్చి ఆటోలో పెడుతున్నాడు. బందరు రోడ్డులో టైల్స్ షాపు కట్టేసి వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటకు తడిసిపోయింది.

“ఎంత చూసినా ఏమీ తేలట్లేదు సార్. మొత్తం విప్పాల్సిందే” అంటున్నాడు పక్కనున్న మెకానిక్.

“విప్పండి, ఏం చేస్తాం” అన్నాడు లక్ష్మీకాంత్ నీరసంగా.

ఆ సాయంత్రం సందంతా ప్రశాంతంగా ఉంది. బ్లెస్సీ గొంతు గంట మోగినట్టు మోగింది. మాస్టారికి మాత్రం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

“శౌరమ్మా, పండక్కి ముందు పాపసంకీర్తనానికి వెళ్లాలా! ఈ పాపం ఫాదర్ గారి దగ్గర ఏమని ఒప్పుకోను?” అని భార్యను అడిగారు.

ఆవిడ బెండకాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. “మీరు పాడుచేసింది ఫాదర్ గారి పెట్టె కాదుగా? సందు దాటి, ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పి రండి.”

మర్నాడు పొద్దున్నే మాస్టారు రిమోట్ జేబులో వేసుకుని ఇటు మూడంతస్తులు దిగి, అటు మూడంతస్తులు ఎక్కారు. లక్ష్మీకాంత్ తలుపు తీశాడు.

“అయ్యో, మీరొచ్చారేంటి మాస్టారూ? ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా. రండి, కాఫీ తాగుదురుగాని.”

“కాఫీ తర్వాత బాబూ. ముందు నేను చెప్పేది విను.”

గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశారు. దుప్పటి చాటు, కోడ్ల వేట, సీడీ ట్రే, చివరికి విలన్‌కి కొట్టిన మ్యూట్ కూడా దాచలేదు.

“నీ పెట్టెకు ఏ జబ్బూ లేదు. జబ్బంతా నా చేతిలో ఉంది. ఇదిగో, ఇదే. ఈ వయసులో చెయ్యకూడని పని చేశాను. నువ్వేమన్నా పడతాను” అని రిమోట్ తీసి అతని చేతిలో పెట్టారు.

లక్ష్మీకాంత్ ముఖం ఎర్రబడింది. రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి హాల్లోకి చూసి, చెప్పులైనా వేసుకోకుండా బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగాడు. మాస్టారు తల దించుకుని సిద్ధపడ్డారు.

లక్ష్మీకాంత్ ఆ రిమోట్‌ను గబుక్కున మళ్లీ ఆయన జేబులోనే కుక్కి, రెండు చేతులూ పట్టేసుకుని గుసగుసగా అన్నాడు: “మీకు దండం పెడతాను, ఇది ఎవరికీ చూపించకండి మాస్టారూ! మా నాన్నగారికి సౌండ్ తగ్గించమని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పెట్టె రేపు తిరిగొచ్చేస్తోంది, ఇక నుంచి మీరు కాస్త నాలుగింటికల్లా బాల్కనీలోకి వచ్చెయ్యండి!”