ఆధారం లేని పేరు

డోర్‌బెల్ మోగితే కుసుమ తలుపు తీసింది.

గుమ్మంలో ఓ తెల్ల ముసలావిడ. చేతిలో కేకు డబ్బా.

"రోజెన్‌మార్క్ డ్యూకుల వెబ్‌సైట్ పెట్టినాయన ఇల్లిదేనా?"

ఆమె భర్త హేమచంద్ర కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

అది 1999. వారమంతా అతనికి ఆఫీసులో వై టూ కే పని, రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లని సిద్ధం చేయడం. శని, ఆదివారాలు యూరప్ రాజవంశాల వెబ్‌సైట్. ఏ డ్యూక్ ఎవరి అల్లుడో, ఏ రాకుమారి ఎవరి మనవరాలో, పరాయిదేశంలో తానుండే క్లేటన్‌లో కూర్చునే చెప్పగలడు. తెలుగు సంఘం వాళ్ళు 'డ్యూక్‌గారూ' అని పిలుస్తారు. ఆ పిలుపంటే చచ్చేంత ఇష్టం.

"ఆఖరి డ్యూక్‌కి పిల్లలు లేరని రాశారు" అందావిడ. "ఒక పాప ఉండేది. మార్తా. ఆరేళ్ళకే పోయింది. ఆ పేరొక్కటి చేర్చండి."

"ఆధారం?"

"ఏమీ లేదు. పాప పుట్టుమూగ. పరువు పోతుందని ఆ ఇంట్లోవాళ్ళు ఎక్కడా పేరు రాయనివ్వలేదు."

"మరి మీకెలా తెలుసు?"

"నా చేతుల్లోనే పెరిగింది."

"ఓహో, ఆయా అన్నమాట!" నవ్వాడు హేమచంద్ర.

ఆవిడ అవుననలేదు, కాదనలేదు.

"పనివాళ్ళ మాట పట్టుకుని వంశవృక్షం మార్చలేను. నా సైట్ యూరప్‌లో ప్రొఫెసర్లు చూస్తారు."

"నా తర్వాత ఆ పేరు తలుచుకునేవాళ్ళు లేరు బాబూ" అని, కేకు డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

కుసుమ ఉండబట్టలేకపోయింది. "పాపం, పెద్దావిడండీ. ఒక్క పేరేగా, యాడ్ చేసేస్తే పోలా?"

"ఇవాళ ఆయా వస్తుంది, రేపు వంటవాడొస్తాడు. ఫ్యామిలీ ట్రీ అంటే రేషన్ కార్డా, అడిగినవాళ్ళనల్లా ఎక్కించడానికి?"

తర్వాతి శనివారం ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి హేమచంద్ర లోపలికి రమ్మనలేదు.

"చిన్న అక్షరాల్లో రాసినా చాలు."

హేమచంద్రకి విసుగొచ్చింది. "డ్యూక్ ఇంట్లో మూగపిల్లేంటి? ఏ పనిమనిషికో పుట్టుంటుంది. ఇంకోసారొస్తే పోలీసుల్ని పిలుస్తాను."

ముసలావిడ వెనక్కి తిరిగింది. గేటు దాకా వెళ్ళి, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

కుసుమ గ్లాసుతో మంచినీళ్ళు తీసుకెళ్ళబోయింది.

"తలుపెయ్!" అన్నాడు.

వేసింది.

ఆవిడ మళ్ళీ రాలేదు.

నెల తిరక్కుండా వియన్నా నుంచి ఓ చరిత్రకారుడు ఫోన్ చేశాడు. "మీ సైట్‌లో తప్పుంది. రోజెన్‌మార్క్ ఆఖరి డ్యూక్ భార్య, ఆ డచెస్, రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోలేదు. పేరు మార్చుకుని మీ క్లేటన్‌లోనే ఉంటోంది" అంటూ అడ్రసు చెప్పాడు.

హేమచంద్రకి కాళ్ళు నేల మీద ఆనలేదు. డచెస్! తన ఇంటికి నాలుగు వీధుల అవతల!

కెమెరా తీశాడు. బీరువాలోంచి పట్టుశాలువా తీయించాడు. పూలగుత్తి కొన్నాడు. సంఘం వాళ్ళందరికీ ఫోన్లు కొట్టాడు. డచెస్‌ని ఎలా సంబోధించాలో మర్చిపోకుండా, దారి పొడుగునా కారులో "యువర్ గ్రేస్... యువర్ గ్రేస్..." అని పైకే అనుకుంటూ వెళ్ళాడు.

ఆ ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటి రత్నకుమారి ఆంటీ మొక్కలకి నీళ్ళు పెడుతోంది.

"ఆంటీ, ఇక్కడ రాజవంశం ఆవిడ ఉంటారటగా?"

"రాజవంశమా! అలాంటివాళ్ళెవరూ లేరు నాయనా. ఓ ముసలావిడ ఉండేది, మొన్న మంగళవారమే పోయింది. పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు, 'మార్తా వాళ్ళమ్మా' అని పిలవమనేది."