విన్నాను బటన్

కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల ఆఫీసులో నాది రెండు నెలల ఇంటర్న్‌షిప్. అర్జీలన్నీ యంత్రమే తేల్చేస్తుంది. మూసేముందు మాత్రం ఒక మనిషి వినాలని రూలు. ఆ మనిషిని నేనే. అర్జీదారు చెప్పడం అయ్యాక "విన్నాను" అన్న బటన్ నొక్కాలి. నేను ముందే నొక్కేసి, తలూపుతూ బల్లకింద పుస్తకం చదువుకునేదాన్ని.

ఆఖరి రోజు నాంచారమ్మగారు మళ్లీ వచ్చారు. తప్పిపోయిన కొడుకును వెతకమన్న ఆవిడ అర్జీ, నేను బటన్ నొక్కిన మొదటి వారంలోనే మూసేశారు.

"మీరు చెప్పిందంతా గుర్తుందండీ. చాలా బాధేసింది," అన్నాను.

"అయితే మావాడి పేరు ఒక్కసారి నీ నోటితో అను తల్లీ. ఈమధ్య ఎవరూ అనట్లేదు."

నా కళ్లు కంప్యూటర్ తెరవైపు పోయాయి.

ఆవిడ సంచిలోంచి రెండు జామకాయలు తీసి బల్లమీద పెట్టారు.

"పోనీలేమ్మా. ఆరోజు చదువుకుంటున్నావుగా. పరీక్ష బాగా రాశావా?"