అలమారలో పట్టేంత పని

"ఈ డబ్బాలో పట్టేది ఈ బుల్లి మదర్‌బోర్డు ఒక్కటే," అన్నాడు కంప్యూటర్ షాపతను. "ఏం పనికి?"

"ఏముంది, మా ఆవిడ ఇంట్లో కూర్చుని బొమ్మలు గీస్తుంది," అన్నాడు భర్త, ముందే కొనేసిన ఆ చిన్న డబ్బాను ఒళ్లో నిమురుతూ.

"బొమ్మలు కాదు, బిల్డింగుల ప్లాన్లు," అంది భార్య. "గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెర మీద కదలవు. దీన్లో దానికి చోటుందా?"

"లేదమ్మా."

ఆమె భర్త వైపు తిరిగింది. "చెప్పు బిగుతైందని కాలు చెక్కుకోమంటారా?"

"టీవీ కింద అలమారలో పట్టాలిగా. నలుగురూ వచ్చే హాలు. కనబడితే బాగుండదు."

"ఏది కనబడితే? కంప్యూటరా, నేను పని చేయడమా?"

అతను షాపతన్ని చూసి నవ్వాడు. "చూశారా, ఆడవాళ్లతో ఇదే గొడవ."

తన పని సామాను కనబడకూడదనే అతని పట్టుదలను ఇన్నాళ్లూ ఆమె ఇల్లు పొందికగా ఉండాలనే పిచ్చి అనుకుంది. ఆ నవ్వుతో ఆ భ్రమ కాస్తా వదిలింది.

"పెద్ద బోర్డు చూపించండి, దానికి తగ్గ డబ్బా కూడా. హాల్లోనే పెడతాను."

"అలాగేనమ్మా. ఎన్ని అంతస్తులవి గీస్తారు?"

"ఆయన్నే అడగండి. అన్నీ ఆయనే చెబుతున్నారుగా."

"రెండో... మూడో..." అని నసిగాడు భర్త. షాపతను మళ్లీ ఆమె వైపే తిరిగాడు.