అరవయ్యో రోజు

స్కూటీ అద్దం భళ్ళున పగిలింది.

రాయి ఎటునుంచి వచ్చిందో సంధ్యకు తెలియలేదు. నిజాంపేట క్రాస్‌రోడ్డు నిండా కాలుతున్న టైర్ల పొగ. అద్దాలు పోయిన బస్సు ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. "జై తెలంగాణ" కేకలకు తోడు రాళ్ళు పడుతూనే ఉన్నాయి.

వెనక్కి పోదామనుకుంది. కానీ ఎలా పోతుంది?

ఇంట్లో భర్త రంగనాథ్ ఎదురుచూస్తున్నాడు. కిడ్నీ మార్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి ఆ రోజుకు సరిగ్గా అరవై రోజులు. పొద్దుటి మాత్రతో డబ్బా ఖాళీ అయింది. రాత్రి ఎనిమిదికి మాత్ర పడకపోతే పెట్టిన కిడ్నీని ఒళ్ళు ఒప్పుకోదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. గల్లీ మందుల షాపుల్లో దొరికే మాత్ర కాదది.

హైటెక్ సిటీలో, తన ఆఫీసు ఇన్సూరెన్స్ డెస్కులో నెలకు సరిపడా మందు వచ్చి ఉంది. కంపెనీ పాలసీ కింద డిశ్చార్జి అయిన అరవై రోజుల వరకే మందులు ఇస్తారు. ఈరోజు తీసుకుంటే సరి. రేపటి నుంచి ఒక్క బిళ్ళ కూడా రాదు.

నిన్న సాయంత్రమే డెస్కులోని రామబ్రహ్మానికి ఫోన్ చేసి బతిమాలింది.

"రేపు బంద్ అండీ. ఎవరిచేతైనా ఇంటికి పంపించండి, ప్లీజ్."

"ఉద్యోగి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలమ్మా. ఇంటికి పంపే రూలు లేదు."

"మనిషి ప్రాణమండీ!"

"రూలు నేను పెట్టలేదు కదమ్మా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! సంధ్య ఫోన్లోనే ఏడ్చేసింది.

ఇప్పుడు ఏడవడానికి తీరిక లేదు. స్కూటీని ముందుకు ఉరికించింది.

పొగలోంచి ఒకడు ఎదురొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. నుదుటికి ఉద్యమం పట్టీ. చేతిలో కర్ర. బండి తాళంచెవి లాగేసుకున్నాడు.

"ఎటు పోతున్నవమ్మా? ముందల రాళ్ళు పడుతున్నయ్, కనవడ్తలేదా?"

"వదలండి! తాళం ఇవ్వండి!"

అతని చూపు స్కూటీ మీదున్న కంపెనీ స్టిక్కరు దగ్గర ఆగింది.

"గీ కంపెనీల్నే చేస్తవా? నిజాంపేటల ఉంటవా? నీ పేరేంది?"

రోడ్డు మీద ఊరూ పేరూ అడిగారంటే ఆంధ్రావాళ్ళో కాదో తేల్చుకోవడానికేనని ఆ రోజుల్లో ఆఫీసు క్యాంటీన్‌లో రోజూ చెప్పుకునేవాళ్ళు. ఆమెది భీమవరం. ఇంకొక్క మాట మాట్లాడితే యాసే పట్టిచ్చేస్తుంది.

"జెల్ది చెప్పమ్మా. పేరు చెప్పు. కార్డేది?"

కర్ర చంకలో పెట్టుకుని, అతను చొక్కా లోపలికి చెయ్యి పోనిచ్చాడు.

కత్తే అనుకుంది సంధ్య. తలమీది హెల్మెట్ ఊడబెరికి మొహాన కొట్టింది.

అతని మూతి పగిలింది. ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి నెత్తురే తప్ప మాట రాలేదు. రెండోసారి కణత మీద కొట్టింది. చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. అయినా ఆ దెబ్బ ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో!

అప్పుడే పోలీసు వ్యాను దూసుకొచ్చింది. గుంపు చెల్లాచెదురైంది. కళ్ళు తిరిగి, అతనొక్కడే మిగిలాడు.

"వీడేనండీ! నన్ను పట్టుకున్నాడు, వీడే!"

కర్రా, నుదుటి పట్టీ చూశాక పోలీసులకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. లాఠీలు మోకాళ్ళ మీద పడ్డాయి, వీపు మీద పడ్డాయి, తల మీద పడ్డాయి.

అతను తలకు చేతులు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులతో చొక్కాను పొట్టకు అదిమి పట్టుకున్నాడు. అది మాత్రం సంధ్యకు వింతగా తోచింది.

కాసేపటికి ఆ చేతులు సడలాయి. చొక్కాలోంచి ఖాకీ కవరు ఒకటి జారి రోడ్డు మీద పడింది. అతన్ని ఈడ్చుకెళ్ళి వ్యానులో పడేశారు. వ్యాను వెనక్కి తిరుగుతూ కవరు మీదుగా పోయింది.

'తగిన శాస్తే జరిగింది' అనుకుంటూ సంధ్య కిందపడ్డ తాళంచెవి ఏరుకుంది.

ఆఫీసుకు చేరేసరికి పన్నెండు దాటింది. డెస్కులో రామబ్రహ్మం ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అయ్యో, మీరెందుకొచ్చారమ్మా? పొద్దుటి నుంచి పదిసార్లు ఫోన్ చేశాను!"

ఫోను స్కూటీ డిక్కీలో ఉంది.

"మందులివ్వండి. సంతకం పెడతాను."

"ఇక్కడ లేవమ్మా. మీ ఇంటికే పంపించేశాను, వచ్చినవన్నీ."

"ఇంటికా? రూలు లేదన్నారు కదండీ!"

"అన్నాను. కానీ మీరు ఏడ్చిన సంగతి మా అటెండరు వీరేశంతో చెప్పాను. ఉద్యమమంటే ప్రాణమిచ్చే మనిషి, పొద్దున్నే ధర్నాలో కూర్చోవాల్సినవాడు. 'మందులకు బంద్ ఏంది సార్? రూలు సంగతి మీరు చూస్కోండ్రి, నేను ఇచ్చొస్త' అన్నాడు."

సంధ్య బల్ల అంచు పట్టుకుంది.

"బస్సుల్లేవు కదండీ. ఎలా..."

"నడిచేనమ్మా. మోకాలి నొప్పి, అయినా కర్ర పట్టుకుని ఏడింటికే బయల్దేరాడు. ఒకరి మందు ఇంకొకరికి పోతే ప్రమాదమని నేనే గట్టిగా చెప్పి పంపాను, ముందు పేరడుగు, కార్డు చూడు, ఆ తర్వాతే చొక్కాలోంచి కవరు తియ్యి అని."