అంచు నాడె

మధ్యాహ్నం అన్నం బెల్లు కాగానే గోడ దూకబోయి ఫిరోజ్ మళ్లీ దొరికిపోయాడు.

“రోజూ యాడికి పోతాండావురా?” అంది పదో తరగతి టీచరు నీలావతి.

ఫిరోజ్ చేతులకంటిన గోడ సున్నం దులుపుకున్నాడు.

“చదువుకోవాలని ఉండాదా, లేదా?”

“లేదు మేడం.”

ఆమెకు ఒళ్లు మండింది. ఆ బడి గోడ నిండా వాడి కాలి గుర్తులే గానీ పుస్తకం మీద చేతి గుర్తు పడిన పాపాన పోలేదు.

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బడి లీడర్లను ఏది నడిపిస్తుందో, దారి తప్పిన పిల్లలను ఏది నడిపిస్తుందో రాయమన్నారు. స్కూల్ లీడర్ పవన్ పేరు ఎదుట ‘పట్టుదల’ అని రాసింది. పెనుకొండ ఉపన్యాస పోటీలో ఫస్టు వచ్చిన పిల్లవాడు మరి. ఫిరోజ్ పేరు ఎదుట ‘ఏదీ లేదు’ అని రాసింది.

వారం తిరక్కుండా హెడ్మాస్టరుతో చెప్పి ఫిరోజ్‌కు టీసీ ఇప్పించింది.

వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, “పవన్ బాగా చదువుతాండాడా మేడం?” అని అడిగాడు.

“వాని ఊసు నీకెందుకు? పో.”

పీడ విరగడైంది అనుకుంది.

మర్నాటి నుంచి పవన్ మధ్యాహ్నం బడికి రావడం మానేశాడు. పది రోజులు చూసి, ధర్మవరంలోనే రెండు వీధుల అవతల ఉన్న వాళ్లింటికి వెళ్లింది నీలావతి.

పవన్ మగ్గం మీద అమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. నాయన విరిగిన చేతితో మంచం మీద ఉన్నాడు.

“పరీక్షలు దగ్గరపడితే పిల్లోన్ని ఇట్లా కూర్చోబెట్టినావేమమ్మా?”

“ఏం జేద్దును మేడం! నాలుగు నెల్లాయ ఈయన చెయ్యి ఇరిగి. చీర అంచు దారం ఉండే నాడె, అదే అంచు నాడె, వేసేకి పక్కన ఇంకో మనిషి ఉండాల. ఇన్నాళ్లూ వీని బదులు వీని జతగాడు కూర్చుంటాండె. దుడ్లిస్తే ముట్టడు. ‘నాకెట్లా చదువు ఎక్కదు, లీడరైనా చదవనీ పెద్దమ్మా’ అంటాండె.”

పవన్ తలెత్తలేదు. “బళ్లో చెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు మేడం” అన్నాడు.

“ఇప్పుడు యాడుండాడు?” అంది నీలావతి.

“హిందూపురంలో కంపెనీ పనికి తోలినాడు వాళ్ల నాయన” అంది పవన్ తల్లి, నాడె పక్కన పెట్టి. “బళ్లోంచి తీసేసినారని చెప్పినాడు. ఆ పొద్దు కూడా టీసీ జేబులో పెట్టుకునే వచ్చి, పొద్దుగూకేదాకా ఈడ అంచు నాడె వేసి పోయినాడు మేడం, మా ఫిరోజ్.”