అవనిగడ్డ ఫోటో

"ఇందులో పురుషోత్తం గారు ఉన్నారా అమ్మా?" అడిగాడు జనార్దనరావు.

"ఎందుకుండరు బాబూ! మా ఆయన ఆ నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించే రోజుల్లో తీసిందే ఇది," అంది సౌభాగ్యమ్మ, ఫోటో మీద దుమ్ము పైటకొంగుతో తుడుస్తూ. "ఇందులో ఉన్న ఇద్దర్నీ విడివిడిగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్ళు."

జనార్దనరావు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఫోటోలో కిరీటం పెట్టుకున్న రాజు, అతని భుజం మీద తల వాల్చిన రాణి. మీసం చూడగానే రాజు పురుషోత్తమేనని పోల్చుకున్నాడు. రాణి మాత్రం, అబ్బ, ఏం కళ్ళవి! వెనకవైపు రాసిన పేర్లు చెదలు తినేశాయి.

"తర్వాతేమైందమ్మా?"

"ఏముంది, ఒకరికి మద్రాసు నించి పిలుపొచ్చింది. రెండోవాళ్ళు ఏడ్చి ఏడ్చి హంసలదీవి వెళ్ళిపోయారు. మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు."

"అయ్యో పాపం!" అన్నాడు జనార్దనరావు. పాపం అనిపించిన మాట నిజమే. ఆ వెంటనే తన సినిమా వేషం కూడా కళ్ళ ముందు కదిలింది.

ఆయన బందరులో హెడ్ గుమాస్తా. నటకేసరి పురుషోత్తం సన్మాన సంఘానికి కార్యదర్శి. ఆఫీసు నాటకాల్లో ఇరవై ఏళ్ళుగా భటుడి వేషం వేసి వేసి విసిగిపోయాడు. చచ్చేలోగా ఒక్కసారి సినిమాలో తన మొహం కనిపించాలన్నది ఆయన కోరిక. సూటు వేసుకుని తీయించుకున్న ఫోటో మూడుసార్లు మద్రాసుకి పంపాడు. సూటు బాగుందని కూడా ఎవరూ రాయలేదు.

ఇక పురుషోత్తం సంగతి చెప్పాలా? వరసగా మూడేళ్ళు ఉత్తమ నటుడి బహుమతి. ప్రతి సినిమాలోనూ జైలు ఊచలు వంచుతాడు. ఆ బహుమతి నటనకి కాదు, ఆ మీసానికేనని గిట్టనివాళ్ళు అంటారనుకోండి, అది వేరే సంగతి. సన్మానం రోజు పొద్దున్న గుడివాడ సభలో కూడా ఆయన బల్ల గుద్ది మరీ చెప్పాడు.

"ఈ కాలం కుర్ర హీరోలు ఆడవాళ్ళలా నడుం తిప్పుతున్నారు! మగతనం లేని నటనా ఒక నటనేనా?"

చప్పట్లు పామర్రు దాకా వినపడ్డాయని గుడివాడ వాళ్ళు చెప్పుకున్నారు.

మధ్యాహ్నం బందరు బంగళాలో జనార్దనరావు ఆ ఫోటో తీసి బల్ల మీద పెట్టగానే నటకేసరి మొహం పాలిపోయింది.

"ఇదెక్కడ దొరికిందయ్యా నీకు?"

"అవనిగడ్డలోనండి. సాయంత్రం వేదిక మీద అందరికీ చూపిద్దామని..."

"చంపావు! ముందా తలుపెయ్యి. మా ఆవిడ పక్క గదిలోనే ఉంది."

జనార్దనరావు తలుపేశాడు. తన అనుమానం నిజమేనన్నమాట.

"నాకంతా తెలిసిపోయిందండి. ఒకే కంచం, ఒకే మంచమటగా?"

"తెలిసీ తెలియని వయసయ్యా. పైగా కంపెనీ ఓనరు బలవంతం."

ప్రేమించడానికి కూడా ఓనరు బలవంతమేమిటో జనార్దనరావుకి అర్థం కాలేదు. సినిమా వాళ్ళ సంగతులు మనకేం తెలుస్తాయిలే అని సరిపెట్టుకున్నాడు.

"ఈ రాణి గారి సంగతి జనానికి తెలిస్తే..."

"పదిహేనేళ్ళుగా సంపాదించుకున్న పేరు గంగలో కలుస్తుంది! నీకేం కావాలో చెప్పు."

జనార్దనరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఒక్క వేషమండి."

"పోలీసు ఇనస్పెక్టరు. సరేనా?"

"డైలాగులుంటాయాండి?"

"రెండు."

"పాపం, ఆవిణ్ణి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోందండి."

"నాలుగు! క్లోజప్పు కూడా!"

"అంత అందగత్తెని నేనెక్కడా చూళ్ళేదండి."

"నిజంగానా?" పురుషోత్తం ఫోటో వైపు మురిపెంగా చూశాడు. "అంత బాగుందంటావా?"

ఇంకా మర్చిపోలేదన్నమాట! జనార్దనరావుకి కోపమొచ్చింది. ఇంత ప్రేమ ఉన్నవాడు ఓ ఆడదాని గొంతెలా కోశాడు? గట్టిగా నాలుగు మాటలు కడిగేద్దామనుకున్నాడు. ఈలోగా పురుషోత్తం నిర్మాతకి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. ఇనస్పెక్టర్లు ఆవేశపడకూడదని జనార్దనరావు కోపం దిగమింగాడు.

ఉత్తరం పూర్తయింది. సంతకం 'పురు' దాకా వచ్చింది. పక్కగది తలుపు తెరుచుకుంది.

"ఏమిటండీ ఇక్కడ గుసగుసలు?" అంటూ వచ్చింది పురుషోత్తం భార్య సీతామహాలక్ష్మి. దాచేలోపే ఫోటో ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది.

కలం ఆగిపోయింది. నటకేసరి కళ్ళు నేలకి దిగాయి. మూడు బహుమతుల్లో ఒక్కటి కూడా ఆ క్షణాన అక్కరకి రాలేదు.

జనార్దనరావు సగం సంతకం వైపు చూశాడు. కాపురం సంగతి దేవుడెరుగు, వేషం పోతుంది. నాలుగు డైలాగులు, క్లోజప్పు! భటుడి వేషంలో ఎన్నడూ రాని తెగింపు ఎక్కడినించో వచ్చేసింది.

"ఎవరిదో పాత ఫోటో అమ్మా! మా తల్లి మీద ఒట్టు, ఇందులో సారు లేరండి!"

సీతామహాలక్ష్మి కళ్ళజోడు పెట్టుకుంది. ఫోటోని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి, వెలుగులో పెట్టి, చాలాసేపు చూసింది. తర్వాత రాణి మొహం మీద వేలు పెట్టి ఫక్కున నవ్వింది.

"ముక్కుపుడక పెట్టుకున్నంత మాత్రాన మా ఆయన్ని పోల్చుకోలేనా అన్నయ్యగారూ?"