కర్చీఫు వేసిన కుర్చీ

నాచారంలో పాత టాకీసు కూలగొట్టి కట్టిన అపార్ట్‌మెంటు అది. మొగుడిది నైట్ షిఫ్టు. వంటిల్లు సర్దుకుని గౌతమి బాల్కనీలోకొస్తే, ఆమె కుర్చీలో మళ్ళీ అదే మగవాళ్ళ కర్చీఫు. ఎన్నిసార్లు పారేసినా అంతే. రోజు మొత్తంలో ఆమె కూర్చునేదే ఈ కాసేపు!

విసిగిపోయి వాచ్‌మన్ బుచ్చిరాములుకు ఫోన్ చేసింది.

"టాకీసున్నప్పుడు సీటు ఆపనీకి గట్లనే ఏసెటోళ్లమ్మా. ఆట బెల్లు కొట్టంగనే వచ్చి కూసుంటుండిరి. కదిలియ్యకుర్రి, లొల్లయితది."

"రానీ, టికెట్ చూపియ్యమంట."

కర్చీఫు కిందికి విసిరి కూర్చుంది.

వాళ్ళ కాలింగ్ బెల్ పిచ్చుకలా కూస్తుంది. ఇప్పుడు లోపల బెల్లు మాత్రం పొడుగ్గా, ఆగకుండా మోగుతోంది.

ఆగింది.

గౌతమి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. లేచేది మాత్రం లేదు.